గీతకంటే ముందు ముడి

ఇంట్లో గుడ్డబొమ్మ చేద్దామని కూర్చున్నవాళ్లు చాలామంది ఒళ్లు, చేతులు, కాళ్లు చకచకా కుట్టేసి తల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. మిగిలిన బొమ్మంతా గొట్టంలా కుట్టి దూది కూరే పనే. తల మాత్రం అలా లొంగదు. రెండు గుండ్రటి ముక్కలు కలిపి కుట్టి దూది కూరితే చిన్న దిండు తయారవుతుంది గాని తల తయారవదు. దాని మీద కళ్లూ ముక్కూ నోరూ ఎంత ఓపికగా గీసినా ఆ ముఖం గుడ్డ మీద అంటించినట్టే ఉంటుంది. అప్పుడు చేసినవాళ్లు తమకు బొమ్మలు గీయడం రాదని తమను తామే నిందించుకుంటారు. లోపం గీతలో లేదు, గీతకంటే ముందు జరగాల్సిన పనిలో ఉంది. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క విషయమే. గుడ్డబొమ్మ ముఖం రంగుతోనూ సూదితోనూ మొదలవదు. పైన గుడ్డ తొడగకముందే, లోపలి ఉండను గట్టి దారంతో బిగించి కట్టేటప్పుడే అది ముప్పాతిక వంతు తయారైపోతుంది. తలను కట్టడం తెలిసినవాళ్లకు ముఖం గీయడం చిన్న పని. కట్టడం తెలియకపోతే ఎంత చిత్రకళ వచ్చినా ప్రయోజనం లేదు.

గుడ్డబొమ్మ చాలా పాతది. బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టు నుంచి వచ్చిన రోమన్ కాలపు గుడ్డబొమ్మ ఒకటి ఉంది. క్రీస్తుశకం 1వ శతాబ్దానికీ 5వ శతాబ్దానికీ మధ్యదని చెబుతారు. ముతక నారబట్టతో చేసి, లోపల చింకి గుడ్డలూ పపైరస్ ముక్కలూ కూరారు. అంటే ఇంట్లో మిగిలిపోయిన దానితో బొమ్మ చేయడం కనీసం పదిహేను వందల ఏళ్ల నాటి సంగతి. ఇన్నేళ్లుగా అందరికీ ఎదురైన చిక్కు కూడా ఒకటే. గుడ్డ బల్లపరుపుగా ఉంటుంది, తల గుండ్రంగా ఉంటుంది. పడుగు పేకలతో నేసిన గుడ్డ దాదాపు సాగదు. దాన్ని బంతి మీద పరిచి కిందికి లాగితే ఎక్కడో ఒకచోట ముడత పడి తీరుతుంది. ముడత పోవాలంటే అక్కడ కత్తిరించి కుట్టాలి. ఆ కుట్టు నుదుటి మీదికో బుగ్గ మీదికో వస్తే ముఖం పాడవుతుంది. చెక్కబొమ్మ చేసేవాళ్లకు ఈ బాధ లేదు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను చెక్కేవారు అక్కర్లేనిది తీసేస్తూ పోతే తల బయటపడుతుంది. గుడ్డతో చేసేవారికి తీసేయడానికి ఏమీ ఉండదు. లోపల నుంచి బయటికి కట్టుకుంటూ రావాలి.

ఈ చిక్కుకు పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో కొందరు స్త్రీలు కనిపెట్టిన దారి అచ్చు. రోడ్ ఐలండ్ రాష్ట్రానికి చెందిన ఇజానా వాకర్ 1873లో గుడ్డబొమ్మల తయారీకి పేటెంటు తీసుకున్నారు. జిగురు పట్టించిన గుడ్డ పొరలను అచ్చులో పెట్టి నొక్కి, ఆరాక లోపల కూరి, పైన అల్లిక గుడ్డ తొడిగి నూనె రంగులు వేయడం ఆమె పద్ధతి. అదే రాష్ట్రంలోని పాటకెట్ ఊళ్లో ఒక వైద్యుడి భార్య మార్తా చేజ్ కూడా అల్లిక గుడ్డను ముఖం ఆకారం మీద సాగదీసి అంటించి, గట్టిపరచి, రంగులు వేశారు. నీటితో తుడిచినా చెడని ఆ బొమ్మలు ఎంత నచ్చాయంటే, తర్వాతి రోజుల్లో నర్సులకు శిక్షణ ఇవ్వడానికి ఆసుపత్రులు ఆమె చేత మనిషంత బొమ్మలు చేయించుకున్నాయి. జర్మనీలో కేతె క్రూజె కథ ఇంకా ప్రసిద్ధం. ఆమె భర్త మాక్స్ క్రూజె శిల్పి. అంగట్లో దొరికే బొమ్మలు ఆయనకు నచ్చక, కూతురికి బొమ్మ కావాలంటే నువ్వే చేసుకో అన్నాడు. 1905లో ఆమె చేసిన మొదటి బొమ్మకు ఒళ్లు ఇసుక నింపి ముడులు వేసిన తువ్వాలు, తల ఒక బంగాళాదుంప. 1910లో బెర్లిన్‌లో ఇంట్లో చేసిన బొమ్మల ప్రదర్శన జరిగేనాటికి ఆమె బొమ్మల తలలు మలిచిన గుడ్డతో, వెనుక కుట్లతో, చేత్తో వేసిన నూనె రంగులతో మారిపోయాయి. ఆ మొదటి రకం బొమ్మ తలకు నమూనా ఫ్లెమిష్ శిల్పి దూక్వెన్వాదని చెప్పే ఒక పసివాడి శిల్పం. బంగాళాదుంప నుంచి శిల్పం దాకా ఆమె నడిచిన దారి చూడండి. ఆ ఐదేళ్లలో ఆమె వెతికింది మంచి రంగుల కోసం కాదు, రంగు కింద ఉండాల్సిన ఆకారం కోసం.

అచ్చుకు శిల్పి కావాలి, జిగురు కావాలి, నొక్కే సాధనం కావాలి. ఇవేవీ లేని ఇంట్లో ఆ ఆకారం రావడానికి రెండో దారి కట్టు. 1907లో అచ్చయిన ఒక వ్యాసంలో తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్, పాత చేతిగుడ్డను మడిచి రెండు మూలలు కాళ్లుగా, రెండు మూలలు చేతులుగా, నడుమ ఒక ముడి తలగా చేసి సిరాచుక్కలతో కళ్లూ నోరూ పెట్టిన బొమ్మ పిల్లలకు చాలునని వాదించాడు. 1919లో స్టుట్‌గార్ట్‌లో వాల్డార్ఫ్ అస్టోరియా సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం ఆయన ఆలోచనలతో బడి మొదలైంది. దాని పేరు మీదనే వాల్డార్ఫ్ బడులు ప్రపంచమంతా వచ్చాయి, మన హైదరాబాదులోనూ ఉన్నాయి. ఈ బడుల చుట్టూ పెరిగిన బొమ్మల సంప్రదాయంలో ఆ ఒక్క ముడి కాస్తా నాలుగైదు ముడుల శాస్త్రంగా ఎదిగింది. స్టైనర్ తత్వం మొత్తాన్ని ఒప్పుకోవాల్సిన పని లేకుండానే ఈ చేతిపనిని నేర్చుకోవచ్చు. నా వాదనకు అసలు సాక్ష్యం ఈ ముడులే కాబట్టి వాటిని కొంచెం దగ్గరగా చూద్దాం.

నలభై సెంటీమీటర్ల బొమ్మ అనుకుందాం. పసిబిడ్డ తల ఒంటి పొడవులో నాలుగో వంతు ఉంటుంది, పెద్దవాళ్ల తల ఏడెనిమిదో వంతే. బొమ్మ పసితనంగా ఉండాలంటే తల పది సెంటీమీటర్ల ఎత్తు, చుట్టుకొలత ముప్పై పైచిలుకు ఉండాలి. ఏకిన ఊలును సన్నని పట్టీలుగా తీసి, దారపుండ చుట్టినట్టు అన్ని వైపులకూ తిప్పుతూ గట్టిగా చుట్టాలి. బొటనవేలితో నొక్కితే కొంచెం దిగి వెంటనే పైకి రావాలి. దాని మీద పొడవాటి పట్టీలు ఒకదానికొకటి అడ్డంగా పరిచి, ఉండను మధ్యలో ఉంచి, అన్నింటినీ కిందికి దించి మెడ దగ్గర పిడికిట్లో పట్టుకోవాలి. ఇప్పుడు ఒక చివర కట్టేసిన పల్చటి అల్లిక గొట్టంలో దీన్ని దూర్చి మెడ బిగించి కట్టాలి. ఇక్కడికి మన చేతిలో ఉన్నది మెడ ఉన్న బంతి, అంతే. గుండీలు కుట్టే గట్టి దారాన్ని రెండు పేటలు చేసి, బంతి నడిమి ఎత్తున చుట్టూ రెండుసార్లు తిప్పి బలంగా లాగితే గాడి పడుతుంది. పైన నుదురు, కింద బుగ్గలు ఒక్కసారిగా విడిపోతాయి. ఇది కళ్ల గీత. రెండో దారం నడినెత్తి మీదుగా రెండు చెవుల చోటికీ దిగి, గడ్డం కింద చుట్టి బిగుస్తుంది. ఈ దారం మొదటి దాన్ని దాటే రెండు చోట్లా నాలుగైదు కుట్లు వేసి జారకుండా పట్టెయ్యాలి. అవే చెవులు. చివరగా, తల వెనుక ఉన్న కళ్ల గీత దారాన్ని దబ్బనంతో మెడ వైపుకి లాగితే పెడతల గుండ్రంగా పొంగుతుంది. ముఖం ఇంకా గీయనే లేదు. అయినా ఆ ఉండను తిప్పి చూస్తే ముందేదో వెనుకేదో ఎవరైనా చెప్పగలరు. నుదురు, కణతలు, బుగ్గలు, గడ్డం ఉన్నాయి. రంగు చుక్క పడలేదు, ఒక్క కన్నూ కుట్టలేదు.

ఆ తర్వాత చేసేవన్నీ ఈ కట్టు చెప్పినట్టు నడిచే పనులే. ముక్కు కావాలంటే కళ్ల గీతకు కాస్త కింద, నడుమ, శనగగింజంత ఊలు ఉండ కుట్టాలి. పై చర్మానికి అల్లిక గుడ్డే వాడాలి, మనం బనియన్ గుడ్డ అనేది. అందులో పోగులు ఉచ్చుల్లో ఉచ్చులుగా అల్లుకుని ఉంటాయి. అడ్డంగా బాగా సాగుతుంది, నిలువుగా తక్కువ సాగుతుంది. అందుకని నిలువు చారలు నుదుటి నుంచి గడ్డానికి వచ్చేలా, సాగే వైపు ఈ చెవి నుంచి ఆ చెవికి వచ్చేలా గుడ్డను పెట్టాలి. తల కొలతకంటే కాస్త తక్కువ వెడల్పుకే కత్తిరించి, సాగదీసి తొడిగి, ముడతలన్నీ వెనక్కి తోసి అక్కడ కుట్టెయ్యాలి. జుట్టు పెట్టాక ఆ కుట్టు కనిపించదు. దిశ తారుమారైతే బుగ్గలు కిందికి జారి ముఖం పొడుగవుతుంది. కళ్ల చోటు చూసుకోవడానికి మూడు గుండుసూదులు చాలు. రెండు కళ్ల గాడిలో, ఒకటి నోటి చోట, మూడూ కలిపితే సమాన భుజాల త్రికోణం వచ్చేలా గుచ్చి, దూరం నుంచి చూసి సవరించుకోవాలి. పొడవాటి సూదితో దారాన్ని జుట్టు వచ్చే చోటి నుంచి ముందుకు తీసి, కన్ను కుట్టి, మళ్లీ వెనక్కే తీసుకుపోయి కాస్త లాగి ముడి వేస్తే కన్ను గుంటలో కూర్చుంటుంది. గాడి లేని తల మీద ఇదే కన్ను కుడితే కూర్చోవడానికి చోటుండదు, పైనే తేలుతుంది.

చోటు సరిగా ఉంటే వివరం తక్కువైనా సరిపోతుందని నేను అనడానికి చేతిపని అనుభవం ఒక్కటే ఆధారం కాదు. 1975లో అమెరికాలో గోరెన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు పుట్టి కొద్ది నిమిషాలే అయిన పిల్లల ముందు గీసిన ముఖాలను కదిపి చూశారు. కళ్లూ ముక్కూ నోరూ తమ తమ చోట్లలో ఉన్న బొమ్మ వెంట ఆ శిశువులు కళ్లూ తలా ఎక్కువగా తిప్పారు. అవే అవయవాలను చెల్లాచెదురు చేసిన బొమ్మ వెంట తక్కువగా తిప్పారు. 1991లో ఇంగ్లండులో జాన్సన్ బృందం మళ్లీ చేసిన పరీక్షలోనూ ముఖం అమరిక ఉన్న బొమ్మదే పైచేయి అయింది. గీతల నాణ్యత రెండింటికీ ఒకటే, మారినది అమరిక. 1943లో జంతు ప్రవర్తన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ పసితనం మనల్ని ఎందుకు ఆకర్షిస్తుందో వివరిస్తూ చెప్పిన లక్షణాలు కూడా ఇలాంటివే. ఒంటికి పెద్దదైన తల, ఉబ్బిన నుదురు, నడిమి గీత కిందికి దిగిన కళ్లు, నిండు బుగ్గలు. వీటిలో ఒక్కటీ గీతతో వచ్చేది కాదు, అన్నీ ఆకారంతో వచ్చేవే. కొత్తగా చేసేవాళ్లు కళ్లను బాగా పైకి పెట్టడం మామూలు. మనం మనిషిని చూసినప్పుడు కళ్లనే చూస్తాం, వాటి పైనున్న కపాలాన్ని లెక్కలోకి తీసుకోం. కళ్ల గీతను ముందే కట్టేసుకుంటే ఆ పొరపాటుకు అవకాశమే ఉండదు. అంతేకాదు, అమెరికాలోని ఆమిష్ కుటుంబాల్లో ముఖమే లేని గుడ్డబొమ్మలతో పిల్లలు ఆడుకున్నారు. ఉక్రెయిన్‌లో మొతాంకా బొమ్మ ముఖం మీద కళ్లకు బదులు దారాలతో చుట్టిన శిలువ గుర్తు ఉంటుంది. కళ్లూ నోరూ లేకపోయినా అవి బొమ్మలుగా చెల్లాయి. తల ఆకారం లేని బొమ్మ మాత్రం ఎక్కడా చెల్లలేదు.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు ముందుగా కేతె క్రూజెనే చూపిస్తారు. ఆమె బొమ్మల గొప్పతనమంతా చేత్తో వేసిన రంగుల ముఖంలో ఉంది కదా, కట్టు మాత్రమే ముఖ్యమైతే అవి ఎలా నిలిచాయి అంటారు. నిజమే, ఆ ముఖాలు అందమైనవి. అయితే ఆ రంగు ఖాళీ గుడ్డ మీద వేసింది కాదు, శిల్పం చూసి మలిచిన ఆకారం మీద వేసింది. అచ్చయినా కట్టయినా, ఆకారం ముందు, ముఖం తర్వాత. వరుస మారలేదు. నా మాటకు ఆమె పని సాక్ష్యమే గాని విరుద్ధం కాదు. తేడా ఏమిటంటే జిగురుతో గట్టిపడి రంగు పూసుకున్న తలకు గుడ్డ మెత్తదనం ఉండదు. కట్టిన తలను పిల్లలు బుగ్గకు ఆనించుకుంటే అది వాళ్ల చేతి వేడిని పట్టుకుంటుంది, నొక్కితే నొక్కుకుంటుంది, వదిలితే మళ్లీ లేస్తుంది. గుడ్డబొమ్మను గుడ్డతో చేయడానికి కారణమే అది.

రెండో అభ్యంతరం మన వాతావరణం గురించి. ఊలు జర్మనీ చలికి సరిపోతుంది, మన ఎండలకూ ఉక్కకూ ఎందుకు, పైగా ఖరీదు, పురుగు పడుతుంది అంటారు. ఇందులో న్యాయం ఉంది. ఊలు పీచు మీద పొలుసులూ వంకీలూ ఉంటాయి, ఒత్తితే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ముడి వేసిన చోట గాడి నిలవడానికి కారణం అదే. పాలియెస్టర్ దూది చవక, ఉతికినా చెడదు. కాని అది నున్నగా జారుతుంది, దారం బిగించిన చోటి నుంచి పక్కకు తప్పుకుని పొంగుతుంది. కాళ్లకూ చేతులకూ వాడుకోవచ్చు, తలకు మాత్రం పనికిరాదు. బూరుగు దూది మరీ పొట్టి పీచు, కూరడానికే గాని చుట్టడానికి రాదు. అయితే ఊలు అంటే తప్పనిసరిగా విదేశీ ఊలే కానక్కర్లేదు. తెలంగాణలో గొంగళ్లు నేసే దక్కనీ గొర్రెల ఊలు ముతకది, నల్లనిది. చర్మానికి తగిలే చోట వద్దు గాని లోపలి ఉండకు చక్కగా సరిపోతుంది. పైన తెల్లటి దూది పొర పరిచి అల్లిక గొట్టం తొడిగితే నలుపు బయటపడదు. ఊలు అస్సలు వద్దనుకుంటే పాత బనియన్లను పట్టీలుగా కత్తిరించి ఉండ చుట్టి, పైన ఏకిన పత్తి పరవొచ్చు. కాస్త బరువుగా ఉంటుంది, పత్తి ఒకసారి నొక్కుకుంటే ఊలులా తిరిగి పొంగదు కాబట్టి మొదటే మరింత గట్టిగా చుట్టాలి. వస్తువు మారినా కట్టే పద్ధతి మారదు. తడిగుడ్డతో తుడిచి ఎండలో ఉంచడం, దాచేటప్పుడు వేపాకు వేయడం మన ఇళ్లకు కొత్త కాదు.

మూడోది, ఇంత తక్కువ ముఖం పిల్లలకు నచ్చుతుందా అన్న సందేహం. నవ్వే నోరు, పెద్ద రెప్పలు, మెరిసే కళ్లున్న బొమ్మలకు అలవాటుపడ్డ పిల్లలకు రెండు చుక్కల ముఖం వెలితిగా అనిపించవచ్చు. మొదటి చూపులో అలా అనిపించడం సహజం. అయితే ఎప్పుడూ నవ్వే బొమ్మకు జ్వరం వచ్చినట్టు ఆడుకోవడం కష్టం, దాన్ని మందలించడం కష్టం, నిద్రపుచ్చడం అంతకంటే కష్టం. పిల్లల ఆటలో బొమ్మ ఒక్క పూటలో ఏడుస్తుంది, అలుగుతుంది, అన్నం తింటుంది, పడుకుంటుంది. ఏ భావమూ గట్టిగా ముద్రపడని ముఖమే వీటన్నిటికీ ఒదుగుతుంది. నున్నటి బుగ్గల మీద వెలుగు పడే తీరును బట్టి అదే ముఖం ఒక పక్క నుంచి నవ్వినట్టూ మరో పక్క నుంచి ఆలోచిస్తున్నట్టూ కనిపిస్తుంది. ఆ వెలుగునీడలు వచ్చేది కూడా మనం కట్టిన గాడి వల్లే. భద్రత చూసినా ఇదే మేలు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకు ఊడి నోట్లోకి వెళ్లే చిన్న భాగాలు ఉండకూడదు. గుండీ కళ్లు, పూస కళ్లు వాళ్లకు ప్రమాదం, కుట్టిన కన్ను ఊడదు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. అంగట్లో బొమ్మల ముఖాలు ఎక్కువగా పాలలాంటి తెలుపు. చేత్తో చేసేటప్పుడు గోధుమ వన్నె, చామనఛాయ, ముదురు గోధుమ రంగు బనియన్ గుడ్డ మనం ఏరుకోవచ్చు. ఆడుకునే పిల్ల తన ఒంటి రంగునే తన బొమ్మలో చూసుకోవడం చిన్న విషయం కాదు.

ఇంత ఓపిక ఎవరికి ఉంది అన్నది చివరి అభ్యంతరం. నిజానికి ఓపిక తినేసేది ఆకారం లేని తలను రంగులతో బాగుచేయాలని పడే పాట్లు. కన్ను కుట్టి విప్పి, నోరు గీసి చెరిపి గంటలు పోతాయి. కట్టు పద్ధతిలో కష్టం ఎక్కడ ఉందో ముందే తెలుసు. రెండు దారాలు బలంగా లాగడం, రెండు చోట్ల జారకుండా కుట్టడం. వేళ్లకు దారం కోసుకోకుండా గుడ్డ పట్టుకుని లాగడం నేర్చుకుంటే చాలు. సరిగా రాకపోతే దారం విప్పి మళ్లీ కట్టవచ్చు, గుడ్డా పాడవదు, ఊలూ పాడవదు. రంగు వేశాక ఆ అవకాశం లేదు. అందుకే బడుల్లో పిల్లలకు కుట్టుపని నేర్పేవారికీ, సెలవుల్లో ఇంట్లో పిల్లలతో కూర్చునేవారికీ, ఉపాధి కోసం బొమ్మలు చేసే మహిళా సంఘాలకూ నా విన్నపం ఒకటే. ముఖాల నమూనా కాగితాలు పంచడం మాని ముందు ఉండ చుట్టడం, గాడి కట్టడం నేర్పండి. మొదటి రోజు ఎవరినీ కన్ను కుట్టనివ్వకండి. గాడి కట్టిన తలలు పక్కపక్కన పెట్టి, ఏది ఎందుకు బాగుందో, ఏ దారం ఎక్కడ జారిందో పిల్లల చేతనే చెప్పించండి. కనిపించే అందానికి కనిపించని నిర్మాణం ఆధారమని పుస్తకం ద్వారా చెబితే వింటారు. పది సెంటీమీటర్ల తలను తమ చేత్తో కట్టినవాళ్లు ఆ సంగతిని మరే పని మొదలుపెట్టినా వాడుకుంటారు.